నలభై ఎనిమిది నుంచి డిటో

సన్యాసిరావు వ్యాగన్ నంబరు తప్పు రాశాడంటే పొద్దు పడమట పొడిచినట్టేనని టాటానగర్ యార్డులో అందరూ అనేవారు. అందరికంటే ముందు ఆ మాట అనేది సన్యాసిరావే అనుకోండి, అది వేరే సంగతి. ఆయన ఉద్యోగం నంబర్ టేకర్. గూడ్సు బండి వచ్చి ఆగితే ఇంజను దగ్గర్నుంచి గార్డు పెట్టె దాకా పక్కనే నడుచుకుంటూ పోయి, ఒక్కో వ్యాగనుదీ రకమూ నంబరూ రిజిస్టరులోకి ఎక్కించాలి. ఎండనక వాననక ఇరవయ్యారేళ్ళుగా అదే నడక. చక్రాలెన్ని, తలుపెటు, పైకప్పుందా లేదా అని దూరం నుంచే పసిగట్టి ఫలానా రకమని చెప్పేసేవాడు.

నోవాముండి నుంచి ఇనపరాయి తెచ్చే బండిలో నలభై వ్యాగన్లూ ఒకటే రకం. అలాంటి బండికి రకం గడిలో పైన ఒకసారి 'బాక్స్' అని రాసి, కింద ముప్పై తొమ్మిది సార్లు డిటో గీతలు గీసేసి, అడుగున సంతకం పెడతారు. సన్యాసిరావుకి పెద్దవాళ్ళు అలాగే నేర్పారు, ఆయన తన తర్వాతివాళ్ళకి అలాగే నేర్పాడు. అందులో పాపమేమీ లేదు. ప్రతి వ్యాగను మీదా దాని రకమూ నంబరూ తెల్లరంగుతో రాసే ఉంటాయి కదా.

ఎనభై రెండో సంవత్సరం పూజా సెలవుల్లో ఆ డిటో గీతలే కొంప మీదికి తెచ్చాయి. కొంపంటే బర్మామైన్స్‌లో రెండు గదుల రైల్వే క్వార్టరు. అందులో ఆయనా, భార్య జోగమ్మా, ఒక్కగానొక్క కూతురు పద్మకుమారీ.

పద్మకుమారి జువాలజీ ఎమ్మెస్సీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. థీసిస్ రాయాలి. ఛఠ్ పండగయ్యాక కాలేజీ తెరిచిన రోజు సాయంత్రం నాలుగు గంటల్లోగా అది గైడు మేడమ్ బల్ల మీద ఉండాలి, లేకపోతే ఏడాది గంగలో కలిసినట్టే. ఆ పిల్ల ఎంచుకున్న విషయం ఏనుగులూ కాదు, పులులూ కాదు. నువ్వుగింజలో సగం లేని కందిరీగలు.

జంషెడ్‌పూర్‌లో తెలుగువాళ్ళ ఇల్లు పోల్చుకోడానికి పేరు పలకతో పనిలేదు. గుమ్మం పక్కన కరివేపాకు చెట్టుంటే తెలుగువాళ్ళే. ఆ చెట్టు ఆకు తినే సీతాకోకచిలుక పురుగుల కోసం పద్మకుమారి సైకిలేసుకుని భాలుబాసా, సిద్ధగోరా అంతా గాలించింది. "పిన్నీ, మీ చెట్టుకి పురుగు పట్టిందా?" అని అడిగి, పట్టిందంటే ఎగిరి గంతేసే మనిషిని ఆ పేటల్లో ఎవరూ అంతకు ముందు చూసి ఎరగరు. చివరికి సిద్ధగోరాలో సూరమ్మ గారి చెట్టు మీద నాలుగు పురుగులు దొరికాయి. ఒక్కోదాని వీపు నిండా బియ్యపు నూకలు అంటించినట్టు తెల్లటివి.

"గుడ్లెట్టిందే పాపం" అంది జోగమ్మ గాజుసీసాలోకి తొంగి చూసి.

"గుడ్లు కావే అమ్మా, గూళ్ళు. దీని పిల్లలవి కావు, కందిరీగవి. అది వచ్చి ఈ పురుగు ఒంట్లో సూది గుచ్చి గుడ్లు పెడుతుంది. పిల్లలు దీని కడుపులోనే పెరుగుతాయి. పెద్దయ్యాక చర్మం తొలుచుకుని బయటికొచ్చి, దీని వీపు మీదే పట్టుగూళ్ళు కట్టుకుంటాయి."

"అంతదాకా ఇది సావదేటి?"

"చావదు. ఆకు తింటూనే ఉంటుంది."

జోగమ్మ సీసా కింద పెట్టేసి చేతులు కడుక్కుని వచ్చింది. "ఓలమ్మో! తినేది ఇది, పెరిగేది ఆటి పిల్లలా?"

"ఇంకా విను. ఆ గూడులో ఉన్న కందిరీగని కూడా వెతుక్కుంటూ వచ్చి, గూడుకి చిల్లి పొడిచి దానిమీద గుడ్లు పెట్టే కందిరీగ ఇంకోటుంటుంది. పుస్తకాల్లో ఉంది. మన ఊళ్ళో ఉందో లేదో తేల్చడమే నా థీసిస్."

"తాడిదన్నేవోడుంటే ఆడి తలదన్నేవోడుంటాడన్నారు, ఊరికినే అన్నారేటి" అంది జోగమ్మ, నాలుగు పురుగులకేసీ జాలిగా చూస్తూ.

సన్యాసిరావు మాత్రం నమ్మలేదు. గూళ్ళలోంచి నాలుగో రోజు నుంచి ఒక్కోటీ బయటికొచ్చాయి, వారం దాటాక కూడా వెనకబడినవి వస్తూనే ఉన్నాయి. వచ్చినదాన్ని వచ్చినట్టు పద్మకుమారి చిన్న కాగితం ముక్క మొన మీద జిగురు చుక్కతో అంటించి, గుండుసూదికి గుచ్చి, వరస నంబరు వేసి పెట్టెలో నిలబెట్టింది. మొత్తం తొంభయ్యారు. "కందిరీగలా ఇయ్యి? కందిరీగ కుడితే మొకం బూరిలాగ పొంగుతాది. ఇయ్యి నుసుములు" అన్నాడు సన్యాసిరావు. అన్నీ నల్లటి చుక్కలే, దంచిన మిరియాల పొడిలాగ ఉన్నాయి.

మేడమ్ చీటీ రాసిస్తే కాలేజీ నుంచి రెండు కళ్ళతో చూసే మైక్రోస్కోపు ఇంటికి వచ్చింది. దాన్ని సైకిలు కేరియర్ మీద దుప్పట్లో చుట్టి, ఎక్కకుండా నడిపించుకుంటూ తెచ్చింది సన్యాసిరావే. కిటికీ దగ్గర ఎండ పడేచోట బల్ల వేసి, ఒకటో నంబరు సూది పెట్టి, పద్మకుమారి "దేఖో నాన్నా" అని పక్కకి జరిగింది.

ఆయన చూశాడు. మొదట ఏమీ కనపడలేదు, తన కనురెప్పలే అడ్డం వచ్చాయి. పద్మకుమారి మర తిప్పింది. ఉన్నట్టుండి మసక విడిపోయింది.

తల ఉంది. తలకి రెండు కళ్ళు, ఒక్కో కంట్లో లెక్కలేనన్ని అద్దాలు. నుదుటి నుంచి రెండు మీసాలు, నల్లపూసలు గుచ్చినట్టు పూస తర్వాత పూస. లెక్కపెడితే పద్దెనిమిది. కాళ్ళకి కీళ్ళు, కొసలకి గోళ్ళు. రెక్క మీద సన్నటి ఈనెలు, ఈనెల మధ్య వెంట్రుకలు. వేలి కొనతో నలిపితే మరకైనా మిగలని దానికి ఇంత సామానా!

"బాబో! ఒలే జోగీ, ఇలా రాయే! బెమ్మదేవుడికి ఏటి పనీ నేదేటే, ఇందులో ఇంత సామానెట్టినాడు!" అని కేకేశాడు. జోగమ్మ చూసి ముక్కు మీద వేలేసుకుంది. ఆ పూట కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది, తింటూ ఆయనా గమనించలేదు.

తర్వాత పని పంచుకున్నారు. ఒక్కో సూదికీ అయిదు గడులు నింపాలి. మీసం తిన్నగా ఉందా, మోచెయ్యిలాగ వంగి ఉందా. పూసలెన్ని. వెనక పాదానికి కీళ్ళెన్ని. రెక్కకి ఈనెలున్నాయా లేవా. రంగేమిటి. వీటిని బట్టే ఏ కుటుంబమో చెబుతారట. పద్మకుమారి దగ్గరున్న పుస్తకంలో ప్రశ్నల మీద ప్రశ్నలు. మీసం వంగితే పన్నెండో ప్రశ్నకి పో, వంగకపోతే ముప్పయ్యోదానికి పో అని.

"యార్డులో పాయింటు కొట్టినట్టే గదా" అన్నాడు సన్యాసిరావు. "ఈ బండి ఇటు, ఆ బండి అటు."

"అంతే నాన్నా. యార్డులో ఎలా రాస్తావో ఇక్కడా అలాగే రాయి." ఆ మాట ఆ పిల్ల నోట్లోంచే వచ్చింది.

నలభై దాకా పద్మకుమారి పక్కన కూచుని ఒక్కోటీ సరిచూసింది. ఆ మర్నాడే చలిజ్వరం వచ్చి మంచమెక్కింది. మలేరియా. నాలుగు రోజులు ఒళ్ళు తెలీలేదు. "నువ్ పడుకో పద్దమ్మా, నాను పూర్తి చేసీత్తాను" అని ధైర్యం చెప్పాడు సన్యాసిరావు. పొద్దుటి డ్యూటీ చేసి, మధ్యాహ్నం అన్నం తిని, కిటికీ దగ్గర కూచున్నాడు. నలభై ఒకటి నుంచి నలభై ఏడు దాకా శ్రద్ధగానే చూశాడు. తిన్నగా ఉన్న మీసం, పద్దెనిమిది పూసలు, అయిదు కీళ్ళు, ఈనెలు, నలుపు. ఏడూ అదే. కళ్ళు గుంజాయి, మెడ పట్టేసింది. పెట్టెకేసి చూశాడు. ఒకే చెట్టు, ఒకే రకం పురుగు, అన్నీ నల్ల చుక్కలే. నోవాముండి బండి గుర్తొచ్చింది. నలభై ఎనిమిది నుంచి తొంభయ్యారు దాకా డిటో గీతలు గీసేసి, చెయ్యి ఊరుకోక అడుగున సంతకం కూడా పెట్టేశాడు.

జ్వరం దిగి లేచిన పద్మకుమారి ఆ కాగితాలు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఒక్కడివీ ఇన్ని చూశావా నాన్నా!" అంది. సన్యాసిరావుకి గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది. చెప్పేద్దామనుకున్నాడు. ఆ పీక్కుపోయిన మొహం చూసి నోరు రాలేదు.

"తెలుసా, ఒక్కటి కూడా రెండో రకం లేదు! తొంభయ్యారుకి తొంభయ్యారూ మొదటివే. అంటే ఈ ఊళ్ళో ఆ రెండో కందిరీగ లేనేలేదు. ఉక్కు కర్మాగారం పొగకి బతకలేదేమో. మేడమ్ ఎంత సంతోషిస్తారో!" అంటూ చివరి అధ్యాయం రెండు రోజుల్లో రాసేసి, సాక్చీలో టైపిస్టుకి ఇచ్చి రావడానికి బయల్దేరింది. కాలేజీ తెరవడానికి ఇంకా అయిదు రోజులుంది.

పద్మకుమారి సైకిలు సందు మలుపు తిరిగేదాకా సన్యాసిరావు గుమ్మంలోనే నిలబడ్డాడు. లేనేలేదని రాసిందే పిల్ల! తను చూడలేదు, అంతే. చూడకపోవడం వేరు, లేకపోవడం వేరు. 'ఒకవేళ నిజంగానే అన్నీ ఒకటేనేమో, చూసేస్తే మనసు కుదుటపడుతుంది' అనుకుని వెళ్ళి బల్ల ముందు కూచున్నాడు.

నలభై ఎనిమిది, అదే. నలభై తొమ్మిది, అదే. యాభై, యాభై ఒకటి, అవే. యాభై తొమ్మిది దాటేసరికి కాస్త ఊపిరి తీసుకుని జోగమ్మని టీ పెట్టమని కూడా అడిగాడు. అరవై ఒకటో సూది పెట్టి మర తిప్పాడు.

పచ్చగా ఉంది. నెమలి మెడ మీద ఎండ పడితే ఎలా ఉంటుందో అలాంటి పచ్చ. కదిపితే బంగారం, ఇంకాస్త కదిపితే రాగి. ఉత్త కంటికి నల్ల చుక్కే. మీసం పొట్టిగా, మోచెయ్యిలా మడత పడింది. రెక్క గాజు పలకలా ఉంది, ఈనెలు లేవు, అంచున ఒకే ఒక్క గీత. పాదం కీళ్ళు లెక్కపెట్టాడు. నాలుగు. మళ్ళీ లెక్కపెట్టాడు, నాలుగే.

తల దన్నేవాడు! నిక్షేపంలాగ, తళతళా మెరుస్తూ, ఆ నిప్పుల కొలిమి పక్కనే బతికి, ఆ పురుగు వీపు మీది గూడు వెతికి పట్టుకుని, చిల్లి పొడిచి, గుడ్డు పెట్టిన మహాతల్లి కన్న బిడ్డ! అంత చక్కటిదాన్ని చూడకుండా తను రెండు గీతలు గీసేశాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ మైక్రోస్కోపు మీదికి వంగాడు. చాలాసేపు తప్పు సంగతి మర్చిపోయి దాన్నే చూస్తూండిపోయాడు. అరవై నాలుగు, అరవై అయిదు కూడా పచ్చవే. ఈలోగా టీ చల్లారిపోయింది.

అప్పుడు భయం పట్టుకుంది. చెబితే పిల్ల రాసిందంతా బూడిదే. చెప్పకపోతే ఎవరికీ తెలీదు. ఆ పెట్టె కాలేజీ బీరువాలోకి పోతుంది, మళ్ళీ ఎవరు తెరుస్తారు? ఇరవయ్యారేళ్ళుగా తప్పు రాయని మనిషన్న పేరు కూతురి దగ్గరా నిలబడిపోతుంది. బీరువాలో మాత్రం అరవై ఒకటి పచ్చగానే ఉంటుంది.

పద్మకుమారి తిరిగొచ్చి చెప్పులు విడుస్తుండగానే అన్నాడు, "పద్దమ్మా, నాను సూడనేదు."

"ఏం చూడలేదు?"

"నలభై ఎనిమిది కాణ్ణించి ఒక్కటీ సూడనేదు. డిటో గీసీసినాను. ఇయాల సూసినాను. అరవై ఒకటి పచ్చగున్నాది. మీసం వంగింది. కీళ్ళు నాలుగే. ఆ రెండోది ఉందమ్మా మన ఊళ్ళో."

ఆ పిల్ల వెళ్ళి ఆ సూదిని మైక్రోస్కోపులో చూసింది. తలెత్తేసరికి మొహం ఎర్రబడిపోయింది.

"క్యా కియా ఆప్‌నే! లేదని రాశాను నాన్నా, టైపుకిచ్చేసి వచ్చాను! మేడమ్ ముందు నేను ఏ మొహం పెట్టుకుని నిలబడను? సంతకం కూడా పెట్టావు! చూడకుండా సంతకమెలా పెట్టావు?"

యార్డులో అలాగే పెడతామమ్మా అని అనబోయి మింగేశాడు.

"సాల్లేవే, మీ నాన్న సెప్పకపోతే నీకేటి తెలిసును? తప్పు చేసీసి నోరు మూసుకున్నోళ్ళు ఊరి నిండా ఉన్నారు" అంది జోగమ్మ వంటింట్లోంచి. పద్మకుమారి గోడవైపు తిరిగి కూచుని ఏడ్చింది. ఏడుపయ్యాక లేచి మొహం కడుక్కుని, మళ్ళీ సైకిలెక్కి సాక్చీ వెళ్ళి, టైపు చెయ్యొద్దని చెప్పి కాగితాలు వెనక్కి తెచ్చింది.

సన్యాసిరావు మూడు రోజులు సెలవు పెట్టాడు. పొద్దెక్కగానే తండ్రీకూతుళ్ళు కిటికీ దగ్గర చేరేవారు. ఈసారి ఒకటి నుంచి తొంభయ్యారు దాకా ఒకరు చూస్తే ఒకరు సరిచూడాలి. ప్రతి వరస చివరా చూసినవాళ్ళ పొడి అక్షరాలు పడాలి. అది పద్మకుమారి పెట్టిన నియమం. మొదటి పూటంతా కోపంగానే ఉంది, అడిగినదానికి హిందీలో ముక్తసరిగా జవాబిచ్చింది. రెండో పూటకి ఆ కోపం నిలవలేదు. అరవై దాటాక పెట్టెలో సూది మార్చినప్పుడల్లా ఏం కనపడుతుందోనని ముందు నేనంటే నేనని ఇద్దరూ వంగేవారు.

"అప్పుడే నేనెందుకు ఆలోచించలేదు!" అని నుదురు కొట్టుకుంది. "మొదటివి తయారయ్యాక, వాటిని తిని కదా రెండోవి తయారవ్వాలి! వెనకబడి వచ్చినవాటిలోనే అవి ఉంటాయి. అందుకే పెట్టెలో చివరనే కనపడుతున్నాయి. నువ్వు సరిగ్గా అక్కడే గీతలు గీశావు నాన్నా."

డెబ్భై ఎనిమిది నల్లవి తేలాయి. పదిహేడు పచ్చవి. ఇక మిగిలింది తొంభై మూడో నంబరు.

అది మిగతావాటిలో సగం కూడా లేదు. సూది మీద దుమ్ము కణమేమో అనుకుని ఊదబోయింది పద్మకుమారి, సన్యాసిరావు చెయ్యి పట్టుకుని ఆపాడు. మర తిప్పితే దుమ్ము కాదు. రెక్కలు పక్షి ఈకల్లా సన్నగా, చుట్టూ రెక్క వెడల్పుకి మించిన వెంట్రుకల అంచు. మీసం చివర చిన్న గదలా ఉబ్బి ఉంది. లోపల ఎక్కడో గుండె కొట్టుకుని, ఆకలేసి, దారి వెతుక్కుని, గుడ్డు పెట్టే చోటు పోల్చుకునే ప్రాణమే అదీ. పద్మకుమారి పుస్తకం తీసింది. మీసం వంగింది, ఇటు. కీళ్ళు ఇన్ని, అటు. పాయింటు మీద పాయింటు కొట్టుకుంటూ పోయారు. చివరికి వచ్చిన రెండు దారుల్లో ఏదీ దీనికి సరిపోలేదు. పుస్తకం అక్కడితో అయిపోయింది.

"మరిది దేని మీద బతికింది? నల్లదాని మీదా, పచ్చదాని మీదా?" అని అడిగాడు సన్యాసిరావు.

"తెలీదు నాన్నా."

"పేరేటి?"

"తెలీదు. దీనికి పేరుందో లేదో కూడా నాకు తెలీదు. కలకత్తా పంపించి పెద్దవాళ్ళని అడగాలి. వాళ్ళకీ తెలీకపోవచ్చు. ఇలాంటివి లోకంలో పేరు పెట్టినవాటికంటే పెట్టనివే ఎక్కువున్నాయంటారు."

సన్యాసిరావు కిటికీలోంచి తమ గుమ్మం పక్కనున్న కరివేపాకు చెట్టుకేసి చూశాడు. రోజూ పోపులోకి రెమ్మ తుంచుకునే చెట్టు. ఆకు మీద పురుగు, పురుగులో కందిరీగ, కందిరీగలో కందిరీగ, అందులో ఇంకేముందో! ఇన్నేళ్ళూ ఇవన్నీ తన గుమ్మం ముందే పుట్టి, పెళ్ళాడి, పోయాయి. ఆయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఎవరికి పెట్టాడంటే ఆయనకీ తెలీదు.

కాలేజీ తెరిచిన రోజు సాయంత్రం మూడున్నరకి థీసిస్ మేడమ్ బల్ల మీద పడింది. టైపిస్టు బాగు చేసిన తప్పులు ఇంకా తడిగానే ఉన్నాయి. మేడమ్ పేజీలు తిప్పి, రెండో కందిరీగ ఉందన్న దగ్గర ఆగి, తొంభయ్యారు వరసల పట్టికంతా వేలు పెట్టి చదివిందట. తొంభై మూడో వరసలో పేరు గడి ఖాళీ. "దీన్ని మొదట ఎవరు చూశారు?" అని, చివరనున్న పొడి అక్షరాలు చూసి అడిగిందట. "మా నాన్నగారు, రైల్వేలో నంబర్ టేకర్" అని చెప్పిందట పద్మకుమారి. ఇంటికొచ్చి ఈ సంగతి చెబుతుంటే సన్యాసిరావు చొక్కా గుండీ తిప్పుకుంటూ కూచున్నాడు.

మర్నాడు పొద్దున్న డ్యూటీకి వెళ్ళేసరికి నోవాముండి బండి వచ్చి నిలబడి ఉంది. సన్యాసిరావు రిజిస్టరు తీసుకుని ఇంజను దగ్గర మొదలుపెట్టాడు. ఒక్కో వ్యాగను దగ్గర ఆగి, చక్రాలు చూసి, తలుపులు చూసి, వంగి అడుగు చూసి, రకం గడిలో పూర్తిగా రాసి, నంబరు రాసి, తర్వాతిదానికి నడిచాడు. పాయింట్స్‌మన్ బలరామ్ జెండా చంకలో పెట్టుకుని చాలాసేపు ఓపిక పట్టాడు.

"అరే సన్యాసీ బాబూ, సబ్ ఏక్ హీ తో హై! డిటో మారో!"

ఆయన వినిపించుకోలేదు. గార్డు పెట్టె దాకా వెళ్ళేసరికి మామూలుకంటే అరగంట ఎక్కువే పట్టింది. బలరామ్ వచ్చి రిజిస్టరులోకి తొంగి చూశాడు. బాక్స్, బాక్స్, బాక్స్ అని నలభై సార్లు రాసి ఉంది.

"ఏటి దొరికిందయ్యా ఇంత సూసి?" అన్నాడు సన్యాసిరావు దగ్గర నేర్చుకున్న తెలుగులో.

"ఏటీ దొరకనేదు. నలభైకి నలభై బాక్సులే."

"మరి?"

"నిన్నటిదాకా అనుకున్నాను, బలరామ్. ఇయాల సూసినాను" అని సన్యాసిరావు అడుగున సంతకం పెట్టాడు.